ఆవ కుటుంబపు అడవిపూలు: గీత ఎక్కడ గీయాలి, పేరు దేనికి పెట్టాలి

ఆవ కుటుంబంలో మొక్కను పువ్వు చూసి గుర్తుపట్టాలనుకుంటే మొదట్లోనే దారి మూసుకుపోతుంది. నాలుగు రక్షక పత్రాలు, శిలువలా ఎదురెదురుగా విప్పుకున్న నాలుగు ఆకర్షక పత్రాలు, ఆరు కేసరాలు. ఆ ఆరింటిలో నాలుగు పొడవు, రెండు పొట్టి. ప్రపంచమంతటా ఉన్న ఇంచుమించు నాలుగు వేల జాతుల్లో అత్యధిక భాగానిది ఇదే అచ్చు. రంగు తెలుపో, పసుపో, లేత ఊదానో అయి ఉంటుంది. ఒక మొక్క ఈ కుటుంబానిదా కాదా తేల్చడానికి ఈ పోలిక ఎంత అక్కరకొస్తుందో, పక్కపక్కనే పెరిగే రెండు జాతులను విడదీయాలంటే అంత అడ్డు తగులుతుంది.

అందుకే వృక్షశాస్త్రజ్ఞులు మొదటినుంచీ పువ్వును వదిలి కాయను పట్టుకున్నారు. లినేయస్ 1753లో ఈ మొక్కలన్నిటినీ కేసరాల లెక్కను బట్టి ఒకే తరగతిలో చేర్చి, దాన్ని కాయను బట్టి రెండుగా చీల్చాడు: పొడవాటి సన్నని కాయలవి ఒకవైపు, పొట్టి కాయలవి ఇంకోవైపు. పొడవు కాయకు సిలిక్వా అనీ, పొట్టిదానికి సిలిక్యులా అనీ పేర్లు. పొడవు వెడల్పుకు మూడింతలు దాటితే మొదటిది, లేకపోతే రెండోది. ఆ తరవాత డి కండోల్ 1821లో గింజను కోసి లోపలి పిండాన్ని పరిశీలించాడు. బీజదళాల అంచులకు ప్రథమ మూలం (మొలక వేరు) ఆని ఉందా, వాటి వెన్నుకు ఆని ఉందా, లేక బీజదళాలే మూలాన్ని చుట్టి మడత పడ్డాయా అన్నదాన్ని ఆధారం చేసుకుని కుటుంబాన్ని తెగలుగా విభజించాడు. నూరేళ్లకు పైగా ఈ రెండు ఆధారాలే వర్గీకరణకు వెన్నెముక.

కాయకు అంత విలువ ఇవ్వడానికి కారణం ఉంది. పండిన కాయను చేతిలోకి తీసుకుని చూస్తే, రెండు కవాటాలు, అంటే కాయ రెండు పక్కల పెంకులు, అడుగునుంచి విడిపోయి రాలిపోతాయి. మిగిలేది ఒక సన్నని చట్రం. ఆ చట్రం మధ్యలో పొరలాంటి తెర ఒకటి బిగించి ఉంటుంది, గింజలు చట్రం రెండు అంచులకూ అతుక్కుని ఉంటాయి. కాయ ఎటు నొక్కుకుపోయిందన్నది ఇక్కడే తెలుస్తుంది. తెరకు సమాంతరంగా నొక్కుకుపోతే తెర కాయంత వెడల్పుగా ఉంటుంది. లునారియా కాయలోని వెండిరంగు పలక ఇలాంటి తెరే. తెరకు అడ్డంగా నొక్కుకుపోతే కాయ ఎంత వెడల్పున్నా తెర మాత్రం మధ్యలో సన్నని పట్టీలా మిగులుతుంది. కాప్సెల్లా ముక్కోణపు కాయ అలాంటిది. ఇంత లోతైన నిర్మాణ భేదం కాబట్టి ఇది వంశాన్ని చెబుతుందని నమ్మడం సహజమే. ఆ నమ్మకం చాలా చోట్ల వమ్మయింది.

మొదటి హెచ్చరిక కాప్సెల్లా నుంచే వచ్చింది. జర్మనీలోని లాండావు పట్టణంలో 1897లో మామూలు కాప్సెల్లా మొక్కల మధ్య ఒక వింత మొక్క దొరికింది. ముక్కోణపు కాయలకు బదులు దానికి ఉబ్బిన అండాకారపు కాయలున్నాయి. మిగతా అన్నిటా అది కాప్సెల్లాయే. 1900లో జోల్మ్స్ లౌబాఖ్ దాన్ని కాప్సెల్లా హీగెరి అనే కొత్త జాతిగా వర్ణించాడు. కాయకే పెద్దపీట వేసే పాత లెక్కన చూస్తే అది ఏకంగా వేరే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల వేరే గుంపులో, పెట్టదగినంత తేడా. తరవాత అమెరికన్ జన్యుశాస్త్రజ్ఞుడు జార్జ్ షల్ ఈ రెండింటినీ సంకరం చేసి, రెండో తరంలో ముక్కోణపు కాయలవీ అండాకారపు కాయలవీ సుమారు 15కు 1 నిష్పత్తిలో వస్తున్నాయని చూపించాడు. అంటే కాయ ఆకారమంతా ఒకే పని చేసే రెండు జన్యువుల మీద ఆధారపడి ఉంది. రెండూ చెడిపోతే ముక్కోణం పోతుంది. ఆ మొక్కకు వేరే వంశం లేదు, వేరే చరిత్ర లేదు. ఒక్క లక్షణం ఎంత కొట్టొచ్చినట్టు కనిపించినా, దానికి పేరు పెట్టదగిన బరువు ఉందో లేదో కంటితో చెప్పలేం.

రెండో హెచ్చరిక మరింత విస్తృతమైనది. థ్లాస్పి అనే ప్రజాతిలో, చదునైన రెక్కల కాయలు, తెరకు అడ్డంగా నొక్కుకుపోయిన నిర్మాణం ఉన్న జాతులన్నిటినీ చేర్చేవారు. 1973లో ఎఫ్. కె. మేయర్ వాటి గింజల పైపొరలను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూసి, ఇది ఒక ప్రజాతి కాదు, పన్నెండని తేల్చాడు. పొలాల్లో కలుపుగా పెరిగే థ్లాస్పి ఆర్వెన్సె గింజ మీద ఒకదాని చుట్టూ ఒకటిగా గట్లు ఉంటాయి. కొండల్లో పెరిగే నొక్కేయా జాతుల గింజలు చాలావరకు నున్నగా ఉంటాయి. ఇంత చిన్న తేడాకు ఇన్ని కొత్త పేర్లా అని చాలామంది పెదవి విరిచారు. రెండు దశాబ్దాల తరవాత డీఎన్ఏ ఆధారాలు వచ్చి, ప్రధానమైన విభజనల్లో మేయర్ వైపే మొగ్గాయి. థ్లాస్పి ఆర్వెన్సెకు దగ్గరి చుట్టం నొక్కేయా కాదనీ, సన్నని పొడవాటి కాయలుండే అల్లియారియా అనీ బయటపడింది. లినేయస్ లెక్కలో ఈ రెండూ చెరో గట్టున ఉండేవి. నలిపితే రెండిటికీ వెల్లుల్లి వాసన వస్తుంది. ఆ వాసనను మాత్రం ఎవరూ వర్గీకరణ లక్షణంగా లెక్కలోకి తీసుకోలేదు.

2006 నాటికి ఈ సమాచారమంతా పోగుచేసి కుటుంబాన్ని 25 తెగలుగా మళ్లీ అమర్చారు. ఆ తరవాత ఆ సంఖ్య యాభై దాటింది. 1936లో షుల్జ్ కట్టిన తెగల్లో దాదాపు చెక్కుచెదరకుండా నిలిచినవి బహు కొద్ది. బీజదళాలు మడతపడే ఆవ, ముల్లంగి తెగ వాటిలో ఒకటి. కాయల ఆకారాలు, శాఖలున్న నూగు, రెక్కలున్న గింజలు ఈ కుటుంబంలో పదేపదే, వేర్వేరు కొమ్మల్లో, స్వతంత్రంగా పుట్టాయి. ఒక పోలిక కనిపించగానే అది ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిందా, విడివిడిగా పుట్టిందా అని తేల్చుకోక తప్పదు.

ప్రజాతి స్థాయిలో దీనికి అన్నిటికన్నా పెద్ద ఉదాహరణ అరాబిస్. నూగు ఆకులు, తెల్లని లేదా ఊదా పూలు, పొడవాటి చదునైన కాయలు ఉంటే చాలు, మొక్క ఈ పేరు కిందికి చేరిపోయేది. నేడు ప్రయోగశాలల్లో అందరికీ తెలిసిన అరాబిడోప్సిస్ థాలియానా కూడా 1753లో అరాబిస్ థాలియానాయే. హార్జ్ కొండల్లో దాన్ని పదహారో శతాబ్దంలో గుర్తించిన యోహానెస్ థాల్ పేరు దానికి మిగిలింది. ప్రజాతి పేరు మాత్రం చేతులు మారుతూ వచ్చి 1842లో అరాబిడోప్సిస్ దగ్గర ఆగింది. ఆ అరాబిడోప్సిస్ కూడా తరవాత ఇష్టారాజ్యంగా పెరిగింది. 1990ల చివర్లో దాన్ని ప్రక్షాళన చేసినప్పుడు చాలా జాతులు బయటికి వెళ్లాయి, కార్డమినోప్సిస్ అనే వేరే ప్రజాతిలో ఉన్న అరెనోసా, హల్లెరి వంటివి లోపలికి వచ్చాయి.

ఉత్తర అమెరికా కొండల్లోని అరాబిస్‌ల కథ ఇంకా చిక్కు. వాటి క్రోమోజోముల మూల సంఖ్య, అంటే ఒక్క సమితిలో ఉండే సంఖ్య, 7. అసలు అరాబిస్‌లది 8. ఈ తేడాను పట్టుకుని ఆస్కెల్, డోరిస్ లోవె దంపతులు 1970లలో వాటిలో కొన్నింటికి బోచెరా అనే ప్రజాతిని ఏర్పరిచారు. గ్రీన్‌లాండ్ మొక్కల మీద జీవితమంతా పనిచేసిన డేనిష్ శాస్త్రజ్ఞుడు టైగె బోచర్ పేరు మీద పెట్టిన పేరది. పాతికేళ్లకు పైగా చాలామంది దాన్ని పట్టించుకోలేదు. 2003లో ఇహ్సాన్ అల్ షెబాజ్ ఉత్తర అమెరికా అరాబిస్‌లలో అత్యధికం బోచెరాకు మార్చాడు. డీఎన్ఏ ప్రకారం బోచెరా కుటుంబ వృక్షంలో అరాబిడోప్సిస్, కాప్సెల్లాలు ఉన్న పెద్ద కొమ్మ మీద ఉంది. అరాబిస్ చాలా దూరంగా వేరే కొమ్మ మీద ఉంది. అలవాటైన పేరు పోతుందన్న బాధ కన్నా తప్పు చుట్టరికాన్ని పేరులో మోయడం పెద్ద నష్టం. అరాబిస్ అనే పేరు చూసి ఒక మొక్క జన్యువుల గురించి ఊహలు చేసేవారు పక్కదారి పడతారు కనక ఆ మార్పు అవసరమైనదే.

పేరు మారినప్పుడు జరిగే పని పైకి యాంత్రికంగా కనిపిస్తుంది కానీ, అసలు వివాదాలన్నీ అక్కడే పుడతాయి. ప్రతి జాతి పేరూ ఒక ఎండబెట్టిన నమూనాకు కట్టుబడి ఉంటుంది. వర్ణన ఎలా మారినా, ఆ నమూనా ఎటు వెళితే పేరు అటే వెళ్లాలి. ఒకే జాతికి రెండు పేర్లుంటే, లినేయస్ గ్రంథం వెలువడిన 1753 నుంచి లెక్కపెట్టి, ముందు అచ్చయినదే చెల్లుతుంది. ప్రజాతి మారితే జాతి పదం అలాగే ఉంటుంది, మొదట పేరు పెట్టినవారి పేరు కుండలీకరణాల్లోకి వెళ్లి, మార్చినవారి పేరు దాని పక్కన చేరుతుంది. అరాబిస్ హోల్బోల్లై అనే పేరు 1827లో గ్రీన్‌లాండ్ మొక్కకు పెట్టినది. ఆ తరవాత అదే పేరును పశ్చిమ అమెరికా పర్వతాల్లో కాయలు కిందికి వాలే మొక్కలన్నిటికీ తగిలించేశారు. ఆ మొక్కలు గ్రీన్‌లాండ్ మొక్క కాదని తేలాక, పేరు దాని నమూనాతోపాటు గ్రీన్‌లాండ్‌లోనే ఉండిపోయింది. పశ్చిమాన ఉన్న మొక్కలు 1829 నాటి రెట్రోఫ్రాక్టా అనే పేరుకు వెళ్లాయి. పాత పరిశోధనా పత్రాల్లో హోల్బోల్లై అని కనిపిస్తే, ఆ మొక్క ఏ కొండ మీదదో చూడకుండా అర్థం చేసుకోకూడదు.

ఇక జాతి స్థాయికి వస్తే, బోచెరా అంత ఓర్పును పరీక్షించే గుంపు ఈ కుటుంబంలో మరొకటి లేదేమో. 2010లో వెలువడిన ఉత్తర అమెరికా వృక్షసంపద గ్రంథంలో అల్ షెబాజ్, మైకేల్ విండమ్ ఈ ప్రజాతిలో వందకు పైగా జాతులను గుర్తించారు. వాటిలో ఎక్కువ భాగం మామూలుగా లైంగికంగా వృద్ధి చెందేవి, 14 క్రోమోజోములున్నవి. మిగతావి వాటి మధ్య పుట్టిన సంకరాలు. సాధారణంగా సంకరం వంధ్యమై అక్కడితో ఆగిపోవాలి. బోచెరాలో అది ఆగదు. ఫలదీకరణ లేకుండానే తల్లి నకలుగా గింజలు కట్టే అసంయోగజననం ఇక్కడ విరివిగా ఉంది. మామూలుగా ఈ పద్ధతి క్రోమోజోముల సమితులు పెరిగిన మొక్కల్లో కనిపిస్తుంది. బోచెరాలో రెండే సమితులున్న మొక్కల్లోనూ ఉండటం అరుదైన విశేషం. అప్పుడప్పుడూ జరిగే ఒక్క సంకరం కూడా ఇలా తరతరాలకు స్థిరపడిపోతుంది, కొండవాలు నిండా పరుచుకుంటుంది, పేరు కోసం ఎదురుచూస్తుంది.

బోచెరా స్ట్రిక్టా, బోచెరా రెట్రోఫ్రాక్టా రెండూ పక్కపక్కనే పెరుగుతాయి. స్ట్రిక్టా కాయలు కాండానికి దాదాపు అంటుకుని నిటారుగా నిలబడతాయి. రెట్రోఫ్రాక్టా కాయలు కాండం వెంట కిందికి మడిచి అదిమినట్టుంటాయి. నేలకు ఆనిన ఆకును భూతద్దం కింద పెడితే అసలు తేడా కనిపిస్తుంది. స్ట్రిక్టా ఆకు మీద నూగుకు రెండే చేతులు. ప్రతి కేశం మధ్యలో అతుక్కుని, రెండు చివరలూ ఆకు మీద బారుగా పడుకుని ఉంటుంది. రెట్రోఫ్రాక్టా కేశం అనేక శాఖలుగా చీలి, ఆకును బూడిదరంగు పొరలా కప్పేస్తుంది. స్ట్రిక్టా కాయలో గింజలు రెండు వరసలు, రెట్రోఫ్రాక్టాలో ఒకే వరస. వీటి సంకరం అన్నిటా మధ్యస్థం: కాయలు పక్కలకు విచ్చుకుంటాయి, నూగులో రెండు చేతులవీ నాలుగైదు చేతులవీ కలగలిసి ఉంటాయి. చాలాకాలం ఇలాంటివాటన్నిటికీ డివారికార్పా అనే ఒక్క పేరే వాడారు. ఆ ఒక్క పేరు కింద వేర్వేరు చోట్ల, వేర్వేరు సమయాల్లో విడివిడిగా పుట్టిన సంకరాలెన్నో కలిసిపోయాయి.

మొక్కలకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళి ఇక్కడ రెండు దారులిస్తుంది. సంకరానికి గుణకార గుర్తు పెట్టి సొంత పేరు ఇవ్వవచ్చు. లేదా తల్లిదండ్రుల పేర్లను ఆ గుర్తుతో కలిపి సూత్రంగా రాయవచ్చు. ఒకేసారి పుట్టి, తనకంటూ ప్రాంతం, స్థిరమైన రూపం సంపాదించుకున్న అసంయోగ వంశానికి సొంత పేరు ఇవ్వడం సబబే. అలాంటిది పోతే ఏం పోయిందో చెప్పుకోవడానికైనా ఒక పేరుండాలి. ఎక్కడపడితే అక్కడ మళ్లీ మళ్లీ పుట్టేదానికి మాత్రం సూత్రమే మేలు. సొంత పేరు వినగానే ఒకే మూలమున్న ఒక వస్తువు మనసులో కదులుతుంది. లేని ఏకత్వాన్ని అలా సృష్టించకపోవడమే మంచిది.

పేర్లు విచ్చలవిడిగా పెడితే ఏమవుతుందో డ్రాబా వెర్నా చరిత్ర చూపిస్తుంది. ఎరోఫిలా అని కూడా పిలిచే ఈ బుల్లి మొక్కను పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అలెక్సీ జోర్డాన్ తన తోటలో ఏళ్ల తరబడి పెంచాడు. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన వంశాలు తరతరాలుగా తమ చిన్న చిన్న తేడాలను నిలుపుకోవడం చూసి, ఒక్క జాతిని సుమారు 200 జాతులుగా చీల్చాడు. ఆయన పరిశీలన నూటికి నూరుపాళ్లు నిజం. ఈ మొక్క ఎక్కువగా ఆత్మపరాగ సంపర్కంతో గింజ కడుతుంది కాబట్టి ప్రతి వంశమూ తన నకళ్లనే కంటుంది. తేడా నిలవడం ఒక్కటే జాతికి కొలమానమైతే జాతులకు అంతుండదు. ఆ రెండు వందల పేర్లను ఇవాళ దాదాపు ఎవరూ వాడరు. అయినా జోర్డాన్‌ను కొట్టిపారేయలేం. ఈ గుంపులో క్రోమోజోములు 14 నుంచి 64 దాకా ఉన్నాయని తరవాత తెలిసింది. ఆయన కంటికి కనిపించిన వైవిధ్యానికి వెనక నిజమైన విభజనలు కూడా కొన్ని ఉన్నాయి. ఏ తేడా వెనక ఏది ఉందో తోటలో తేల్చే సాధనం ఆనాడు లేదు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ కూడా అదే డ్రాబాలో ఉంది. ఉత్తర ధ్రువ ప్రాంతంలోని డ్రాబా నివాలిస్, ఫ్లాడ్నిజెన్సిస్, సబ్‌కాపిటాటా వంటి మొక్కల్లో, ఒకే పేరుతో పిలిచే వేర్వేరు ప్రాంతాల మొక్కలను సంకరం చేస్తే సంతానం చాలావరకు వంధ్యమో, పాక్షిక వంధ్యమో అయింది. 2006లో అచ్చయిన ఈ ఫలితం ప్రకారం, చూపుకు ఒకే జాతి అయినదాని లోపల కలిసి సంతానం పొందలేని గుంపులు ఎన్నో ఉన్నాయి. క్రోమోజోముల సంఖ్య కూడా తేడా లేదు. జోర్డాన్ చూడగలిగినవాటికి పేర్లు పెట్టాడు, ఇక్కడ పేరు పెట్టడానికి పట్టుకోదగిన లక్షణమే లేదు. కొండమీద నిలబడి గుర్తుపట్టలేనిదానికి వేరే పేరు ఇచ్చి ప్రయోజనం తక్కువ. పాత పేరును ఉంచి, దాని లోపలి గుంపులను ప్రాంతాలవారీగా నమోదు చేయడమే ప్రస్తుతానికి నిజాయితీగల పద్ధతి.

క్రోమోజోముల లెక్క కొన్నిచోట్ల చక్కగా దారి చూపిస్తుంది. ఆవ మొక్క, అంటే బ్రాసికా జున్షియా, 18 జతలతో ఉంటుంది. 10 జతల బ్రాసికా రాపా, 8 జతల బ్రాసికా నైగ్రా కలిసి పుట్టిన మొక్క అది. ఉ జాంగ్ చున్ 1935లో ఇలా మూడు మూల జాతులకూ వాటి మూడు సంకర జాతులకూ సంబంధం నిరూపించాడు. అడవి మొక్కల్లోనూ ఇదే కూడిక: 5 జతల థాలియానా, 8 జతలకు సరిపడే అరెనోసా కలిసి 13 జతల అరాబిడోప్సిస్ సుయెసికా అయింది. నీటి వాగుల్లో పెరిగే నాస్టర్షియంలో 32 క్రోమోజోములదీ 64దీ రెండు జాతులు. వాటి మధ్య పుట్టిన 48 క్రోమోజోముల సంకరం దాదాపు వంధ్యం.

అయితే లెక్క కూడా అన్నిసార్లూ నమ్మదగ్గది కాదు. స్విట్జర్లాండ్‌లోని ఉర్నెర్‌బోడెన్ లోయలో చెట్లు కొట్టి పచ్చిక పెంచాక, రెండు కార్డమినే జాతులు పక్కపక్కకు వచ్చి కలిశాయి. చెరొకదానికి 16 క్రోమోజోములు. వాటికి 24 క్రోమోజోముల సంకరం పుట్టి, ఆకుల మీదే పిల్లమొక్కలు వేస్తూ బతికింది. దానికి కార్డమినే ఇన్సుయెటా అని పేరు పెట్టారు. తరవాత అక్కడే కనిపించిన మరో మొక్కకు 48 క్రోమోజోములున్నాయని, అంటే ఇన్సుయెటా రెట్టింపై పుట్టిందని భావించి, కార్డమినే షుల్జీ అని మరో పేరు పెట్టారు. వృక్షజాతి కళ్లముందే పుట్టిన అరుదైన సందర్భంగా అది పేరుపొందింది. 2013లో క్రోమోజోములకు రంగులద్ది పరిశీలిస్తే, ఆ మొక్కలో ఉన్నవి 46 అనీ, మూడో భాగస్వామిగా కార్డమినే ప్రాటెన్సిస్ కూడా ఉందనీ తేలింది. అక్కడ జరిగింది అనుకున్నదాని కన్నా చిక్కైన కలయిక. జాతి పుట్టిందన్న మాట నిలిచింది, దాని తల్లిదండ్రుల జాబితా మారింది.

ఇలాంటి మొక్కలను సేకరించేవారు చేసే పనుల్లో అన్నిటికన్నా నష్టం కలిగించేది, పూత బాగుందని పూలకొమ్మను మాత్రం తుంచుకురావడం. నేలకు ఆనిన ఆకు లేకపోతే నూగు తెలియదు. పండిన కాయ లేకపోతే గింజల వరస, కాడ వాలు, తెర వెడల్పు ఏవీ తెలియవు. వేరు లేకపోతే ఏకవార్షికమా బహువార్షికమా చెప్పలేం. ఒకే కాండం మీద కింద కాయలు, పైన ఇంకా విచ్చుతున్న పూలు ఉండే సమయం ఈ కుటుంబంలో దాదాపు ప్రతి మొక్కకూ ఉంటుంది. సేకరణకు సరైన సమయం అదే. ఆ పూలు వృథా పోవు. బోచెరాలో లైంగిక మొక్కల పుప్పొడి రేణువు సన్నగా కోలగా, మూడు గాళ్లతో ఉంటుంది. అసంయోగజనక మొక్కలది గుండ్రంగా, ఎక్కువ గాళ్లతో ఉంటుంది. నూరేళ్ల కిందట ఎండబెట్టి అతికించిన నమూనాలోని పరాగకోశాన్ని తెరిచినా ఈ తేడా కనిపిస్తుంది. హెర్బేరియంలో, అంటే ఎండబెట్టిన నమూనాల భాండాగారంలో, ఎన్నో ఏళ్లుగా ఒకే పేరు కింద దొంతరలుగా ఉన్న నమూనా కాగితాలను విండమ్ వంటి వర్గీకరణ శాస్త్రజ్ఞులు ఇలాగే విడదీస్తున్నారు: ముందు పుప్పొడి, ఆపైన ఆకుముక్క నుంచి తీసిన డీఎన్ఏ, చివరికి ఆ జాతి పేరు కట్టుబడి ఉన్న అసలు నమూనాతో పోలిక. ఆ అసలు నమూనాయే సంకరమని తేలిన చోట, పేరు సంకరానికే దక్కుతుంది. ఇన్నాళ్లూ ఆ పేరుతో పిలిచిన లైంగిక జాతికి ముందే అచ్చయిన మరో పేరు ఏదైనా ఉందేమో వెతకాలి, లేకపోతే కొత్తగా పెట్టాలి.